తన బలము తనకేల కనబడదు?

ఇంటర్వ్యూ గదిలో కూర్చుండిన ఉద్యోగార్థిని ఎదుటివారు సాధారణముగా అడుగు ప్రశ్నలలో "మీ బలములేమిటి?" అనునది యొకటి, దానికి మనవారు "కష్టపడు స్వభావము, నాయకత్వ లక్షణము, నలుగురితో కలిసి పనిచేయుట" అని పంచాంగము చదివినట్లు అప్పగించెదరు. ఆ మాటలు అసత్యములు కాకపోవచ్చును గాని, ముందు వచ్చినవాడు చెప్పినవియు, వెనుక రాబోవువాడు చెప్పబోవునవియు అవియే యగుటచేత, వినువారికి వానివలన తెలియునది శూన్యము.

తప్పు అంతయు అభ్యర్థిది కాదు. పోయిన మార్కులు ప్రోగ్రెస్ కార్డుపై ఎఱ్ఱసిరాతో కనబడును. అనాయాసముగా చేయగలిగిన పనినో, "ఇది అందఱకును వచ్చినదే కదా" యని మనము లెక్కలోనికే తీసికొనము. హాస్టలు మెస్సు జమాఖర్చులను నెలాఖరున పైసాతో సహా సరిపెట్టు కుఱ్ఱవాడును, పరీక్షకు ముందునాటి రాత్రి తోటివారికి పాఠమును విడమరచి చెప్పు బాలికయు, తాము చేయుచున్నది ఒక విద్య యని యెఱుగరు.

అట్టి సహజమైన బలము ఎంత దూరము పోగలదో గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితము చూపును. 1863లో జన్మించిన ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. జీతము తీసికొని పాఠము చెప్పి యింటికి పోయిన, ఆయనను అడుగువారు లేరు. కాని ఆ ప్రాంతపు కొండలలోని సవరలను గిరిజనుల మాట చెవిని బడగా, దానికి లిపియు వ్యాకరణమును లేవని విడిచిపెట్టక, తెలుగు వచ్చిన సవరనొకనిని ఇంట నుంచుకొని ఆ భాష నేర్చి, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పింప బూని, 1931లో సవర భాషకు వ్యాకరణమును, 1938లో, డెబ్బదియైదేండ్ల వయస్సున, నిఘంటువును వెలువరించిరి. ఆ చెవియే మఱియొక దిక్కునకు తిరిగి, నోటి తెలుగునకును పుస్తకపు తెలుగునకును గల అగాధమును గుర్తించి, వ్యావహారిక భాషోద్యమమునకు దారితీసినది. (అట్టి మహనీయుని గూర్చి ఈ తీరు భాషలో వ్రాయుట చూచిన ఆయన నవ్వుదురు, నవ్వనిండు.)

ఇందు గమనింపవలసినది యేమనగా, ఆయన బలము ఒక డిగ్రీ పేరు కాదు, ఒక పాఠ్యాంశము పేరును కాదు; జనుల నోట పలుకును శ్రద్ధగా విని, అందలి క్రమమును పట్టుట. బీకాము, బీటెక్కు నామవాచకములు. బలము క్రియ. దానిని క్రియగా పట్టుకొన్నవాడు, చదివిన చదువునకు సరియైన ఉద్యోగము దొరకని నాడు కూడ, తనకు తగిన పనిని మఱియొక చోట గుర్తింపగలడు.

ఆ క్రియను వెదకుటకు కన్నులు మూసికొని ఆత్మవిచారము చేయుటకంటె ఒక నోటుపుస్తకము మేలు. వియన్నాలో 1909లో జన్మించి అమెరికాలో స్థిరపడిన నిర్వహణశాస్త్ర ఆచార్యుడు పీటర్ డ్రకర్, 1999లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వ్రాసిన వ్యాసమున, ముఖ్యమైన నిర్ణయము చేసినపుడెల్ల దానివలన ఏమి ఫలింపగలదని తలచుచున్నామో వ్రాసియుంచి, తొమ్మిది లేక పండ్రెండు నెలల పిమ్మట జరిగినదానితో సరిపోల్చుకొనుమని చెప్పెను. విద్యార్థికి ఒక సెమిస్టరు చాలును. ప్రాజెక్టులో ఏ భాగము అనుకొన్నదానికంటె ముందుగా ముగిసినది, దేనిని వాయిదా వేయుచు వచ్చితిమి, ఏ పనిలో భోజనవేళ మఱచితిమి? ఇవి వ్రాసిపెట్టుకొన్న, జ్ఞాపకము మనలను మోసగింపజాలదు.

మిగిలినది ఇతరులను అడుగుట. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగ్‌హామ్ అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞులు రూపొందించిన జోహారి కిటికీ యను పటములోని నాలుగు గడులలో ఒకటి, ఇతరులకు కనబడి తనకు కనబడనిది. "నేను ఎట్టివాడను?" అని అడిగినచో స్నేహితులు పొగడుదురు, చుట్టములు దీవింతురు, "నేను లేనినాడు మీకు ఏ పని నిలిచిపోవును?" అని అడిగినచో ఆలోచించి చెప్పుదురు.

ఒక హెచ్చరిక: బలము హద్దు మీఱిన దోషమగును. ప్రతి అంకెను మూడుమాఱులు సరిచూచువాడు గడువు దాటించును. చక్కగా మాటాడువాడు వినుట మానును. కనుక దేనియందు దిట్టయో తెలిసినవాడు అది ఎచ్చట ఆపవలెనో కూడ ఆ పుస్తకములోనే గుర్తు పెట్టుకొనుట మంచిది.

ఇక ఇంటర్వ్యూ గదికి మరలుదము. ఆ మెస్సు కుఱ్ఱవాడు విశేషణములన్నియు విడిచి, "మా హాస్టల్ మెస్సు లెక్క మూడు నెలలుగా కుదరలేదండి, రెండు రాత్రులు కూర్చుని తేడా ఎక్కడుందో పట్టుకున్నాను" అని మామూలు మాటలలో చెప్పినాడనుకొనుడు. కాగితములలో తల దూర్చియున్న పెద్దమనిషి తలయెత్తి, "ఎక్కడుంది?" అని యడుగును.