ఇంటిపేరు – అభిజనము : పల్నాటి కుటుంబముల మూలాన్వేషణము

పాణిని తద్ధితప్రకరణమున నివాసము, అభిజనము అను రెండింటిని వేరువేరు సూత్రములతో విధించెను. తాను వసించుచోటు నివాసము. పూర్వులు వసించినచోటు అభిజనమని వ్యాఖ్యాతలు వివరించిరి. తెలుగువారి ఇంటిపేర్లను పరిశీలించువారికి ఈ భేదమే ప్రథమసోపానము.

ఊరిపేరు ఇంటిపేరగునపుడు సాధారణముగా ఔపవిభక్తికరూపమును పొందును. ఇల్లు 'ఇంటి' యైనట్లే ఓరుగల్లు 'ఓరుగంటి' యైనది. కందుకూరు 'కందుకూరి', వేటూరు 'వేటూరి' యైనవి. పాడు 'పాటి' యగును. నాడు 'నాటి' యగును. పల్నాటి వీరచరిత్రమను పేరే ఇందుకు తార్కాణము. మాచర్ల వంటి పదములు మార్పులేకయే నిలుచును. కావున ఇంటిపేరునుండి ఊరిపేరును రాబట్టుటకు ముందు వ్యాకరణకార్యమును విప్పవలెను.

మాచర్లలో నున్నవారందఱును మాచర్లవారే. అచ్చట ఆ పేరు ఒకరినుండి మఱొకరిని వేఱుపఱుపజాలదు. ఒక కుటుంబము మాచర్లను విడిచి వేఱొక గ్రామమున స్థిరపడినపుడు ఇరుగుపొరుగువారు వారిని 'మాచర్లవారు' అందురు. అనగా ఊరినిబట్టి వచ్చిన ఇంటిపేరు వలసకు సాక్ష్యము. అది అభిజనమును తెలుపును గాని నివాసమును తెలుపదు.

ఈ విషయమున నార్వేదేశపు ఆచారము మనకు ప్రతిబింబము వంటిది. అచ్చటి పల్లెలలో ఓలా కుమారుడైన పేర్ 'ఓల్సెన్' అనబడును. అతని కుమారుడు 'పేర్సెన్' అగును. దానికి తోడు తాముండు కమతము పేరు చేరును. కమతము మాఱినచో ఆ పేరును మాఱును; భార్య కమతమునకు వచ్చి చేరిన భర్తయు ఆ పేరునే పొందుచుండెను. మన ఊరిపేరు అభిజనమును చెప్పగా, వారి కమతము పేరు నివాసమును చెప్పినది. 1923 నాటి చట్టముతో అచ్చట స్థిరమైన కుటుంబనామము విధియైనది. 1825 మొదలు అమెరికాకు వలసపోయిన నార్వేవారి సంతతి, పూర్వుల జాడ తీయునపుడు, ఒకే వ్యక్తికి వేర్వేఱు పత్రములలో వేర్వేఱు పేర్లుండుట చూచి తికమకపడుటకు కారణమిదియే.

మనకు కలుగు భ్రాంతి వేఱు. ఒకే ఊరు విడిచిన సంబంధములేని రెండు కుటుంబములకు ఒకే ఇంటిపేరు రావచ్చును. కావున నామసామ్యము జ్ఞాతిత్వమునకు చాలదు, గోత్రప్రవరలతో సరిచూడవలెను. గోత్రమొక్కటియు చాలదు, భారద్వాజసగోత్రులు దేశమంతటను గలరు. ధ్వనిసామ్యము మఱింత ప్రమాదకరము. 'గురజాడ' అను పేరు విని పల్నాటి గురజాలను తలచుట పొరపాటు. అప్పారావుగారి ఇంటిపేరు కృష్ణాజిల్లాలోని గురజాడ గ్రామమునకు సంబంధించినది. ఇక వినుకొండలో 1895లో జన్మించిన జాషువ కవి ఇంటిపేరైన 'గుర్రం' వంటివానికి ఊరిని వెదకుట వ్యర్థము.

పరీక్షాసాధనములు గలవు: కారెంపూడి, మాచర్ల ప్రాంతముల శాసనములు, మెకంజీ సేకరించిన కైఫీయతులు, కాశీ గయా క్షేత్రముల పండాల పుస్తకములు, పూర్వపు కరణముల లెక్కలు. 1984లో కరణీకము రద్దైన పిదప ఇండ్లలో మిగిలిన కాగితములు చెదలపాలు కాకమునుపే చూడవలెను. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము క్రింద మునిగిన గ్రామములవారికి అభిజనము నీటి అడుగున నున్నది. వారికి మిగిలినది పేరు, పెద్దల మాట.

ఆ పేరైనను నిలుచునా? పాఠశాలల పట్టికలలో 'కందుకూరి', 'కన్నెగంటి', 'కారెంపూడి' అన్నియు 'కె.' అను ఒక్క అక్షరముగా మిగులుచున్నవి. పల్నాటి కన్నెగంటి హనుమంతును 1922లో తుపాకులు బలిగొన్నవి. ఆయన పేరును 'కె. హనుమంతు' అని వ్రాసినచో వంశచరిత్రకు ఆధారమేమి మిగులును?

మా పాఠశాలలో గురువులు క్రొత్త విద్యార్థిని ఇంటిపేరు, గోత్రము, తాతగారి ఊరు క్రమముగా అడుగుచుండిరి. నేటి అధ్యాపకులును ప్రతి విద్యార్థిచేత ఈ మూడింటిని, తల్లి పుట్టినింటిపేరుతో సహా, పూర్ణాక్షరములతో వ్రాయింపవలెనని ప్రార్థన. వివాహముతో స్త్రీకి ఇంటిపేరు మాఱుటచే మాతృవంశము రెండు తరములలోనే మఱుగగుచున్నది. వ్రాయించుటకొక పూట చాలును. చెప్పగల పెద్దలు గతించిన పిమ్మట ఎన్ని సూత్రములు తెలిసినను ప్రయోజనముండదు.