ఇంటి పసుపుతో కూరకారము

దుగ్గిరాల యనగానే వర్తకులకు మొదట జ్ఞప్తికి వచ్చునది పసుపు. కృష్ణ పడమటి డెల్టా కాలువల క్రిందను, ఏటి లంకలయందును ఎనిమిది తొమ్మిది మాసములు పైరును కాపాడి, త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి యార్డునకు తోలుటలో ఈ ప్రాంతపు రైతునకు మేము చెప్పవలసినది స్వల్పము. అయినను ఒక వింతను మేము పలు గ్రామములలో చూచుచున్నాము. కొమ్ములు బస్తాలకెత్తి అమ్మిన ఇంటనే వంటకు అంగడి పసుపుపొడి పొట్లమును, దాని ప్రక్కనే అంగడి మసాలాకారపు పొట్లమును కనబడుచున్నవి. తన సరుకు అమ్మి పరుల సరుకు కొనుటలో ధరకు వచ్చు నష్టము అటుంచుడు. ఆ పొడిలో ఏమి కలిసినదో ఎఱుగకుండుట అంతకంటె పెద్ద నష్టము.

ఇట్లనుటకు కారణము కలదు. పసుపు విలువ అంతయు రంగు మీద ఆధారపడియున్నది. రంగు తగ్గిన సరుకును మెఱపించుటకు కొందఱు సీసపు క్రోమేటు అను పచ్చని రంగుపొడిని పూయుదురు. బంగ్లాదేశమున ఈ దురాచారము 1980 తరువాతి వరదలలో పుట్టినదని పరిశోధకులు కనుగొనిరి. తడిసి నల్లబడిన కొమ్ములను అమ్ముకొనుటకై మొదలైన ఉపాయము ఏటేట అలవాటై స్థిరపడెను. 2019లో అచ్చటి బజారులలో తీసిన పసుపు మచ్చులలో నూటికి 47 ఇంటిలో సీసము కనబడెను. ప్రభుత్వము తనిఖీలు చేసి, జరిమానాలు వేసి, ప్రజలకు ప్రచారము సాగించిన పిమ్మట 2021 నాటికి అట్టి మచ్చు ఒక్కటియు దొరకలేదు. సీసము పెద్దలకు సైతము విషమే, కాని పసిపిల్లల మెదడునకు అది చేయు హాని ఏ మందుతోను మరల చక్కబడదు. పసుపునకు పైరంగు కలుపుట మన దేశములోను చట్టవిరుద్ధము. మెటానిల్ ఎల్లో అను బట్టలరంగు కూడ పసుపుపొడిలో పట్టువడుచుండును. ఎండుమిరప పొడియు ఈ దోషమునకు వెలుపలిది కాదు. సూడాన్ అను ఎఱ్ఱరంగు మిరపపొడిలో కనబడుటచేత 2003లో ఐరోపా దేశములు దానిపై కట్టుబాట్లు విధించెను.

వానలు ముందుగా వచ్చి కళ్లములో పసుపు తడియుట మన డెల్టాలోను లేకపోలేదు. అట్టి ఏడు మెఱుగు కొఱకు ఎవరేమి చెప్పినను సభ్యులు చెవిని పెట్టరాదు. మెఱుగునకు డ్రమ్ములో రాపిడియు, కావలసినచో పసుపుపొడి కలిపిన నీటి చిలకరింపును చాలును.

ఇక ఇంటి పని. యార్డునకు తోలుటకు ముందే ఇంటి నిమిత్తము రెండు మూడు కిలోల కొమ్ములు వేరు చేయుడు. ఐదుగురున్న ఇంటికి సంవత్సరమునకు ఇది చాలును. పుచ్చినవి, ముక్కలైనవి ఇంటికి, మంచివి అమ్మకమునకు అను లెక్క మాకు సమ్మతము కాదు. ఇంటికి నిండైన కొమ్ములే తీయవలెను. మొద్దుపుల్లతో గ్రుచ్చిన సులువుగా దిగునంతవఱకు మాత్రమే ఉడికించి, తరువాత పదునైదు దినములు బాగుగా ఎండిన కొమ్ము విఱిచినప్పుడు ఠంగుమని లోహము వలె మ్రోగును. మ్రోగని కొమ్ము దంచిన పొడి ముద్దకట్టి బూజు పట్టును.

పసుపును అంతయు ఒక్కసారి పొడి చేయకుడు. పసుపులోని సువాసన తైలము ఎగిరిపోవును, రంగునిచ్చు కర్కుమిన్ వెలుతురున క్షీణించును. కొమ్ములుగా నిలువచేసి, రెండు మూడు మాసములకు సరిపడునంత మాత్రము దంచుకొనుట మేలు. మరకు పంపువారు ముందు రోటిలో ముక్కలు చేసి పంపవలెను. మరలో అంతకుముందు పరుల కారమో, గోధుమయో ఆడియుండును గనుక మొదటి గుప్పెడు పొడిని ప్రక్కకు తీసివేయుడు.

ఇప్పుడు కూరకారము. మన గుంటూరు సీమలో దీనిని కొందఱు సాంబారుకారమందురు. అయినను సాంబారుకంటె దొండ, వంకాయ, బెండ వేపుళ్లలోను, ఇగురు కూరలలోను దీని వాడుక హెచ్చు. వేడి అన్నములో నేతితో కలుపుకొనువారును కలరు. మిరపకాయ మన నేల పంట కాదు. పోర్చుగీసు వర్తకుల ద్వారా అమెరికా ఖండమునుండి వచ్చినది. అంతకు పూర్వము మన వంటలలో కారమునకు మిరియమే ఆధారము. మిరపకాయ అను పేరులో ఆ మిరియము నేటికిని వినబడుచున్నది.

కొలత ఇది. తొడిమలు తీసిన ఎండుమిరపకాయలు అరకిలో, ధనియాలు పావుకిలో, జీలకర్ర 50 గ్రాములు, మెంతులు 20 గ్రాములు, పసుపుపొడి 30 గ్రాములు, పొట్టు తీసిన వెల్లుల్లి 50 గ్రాములు, ఎండిన కల్లుప్పు 75 గ్రాములు, నీడన ఆరిన కరివేపాకు రెండు గుప్పెళ్లు, వంటాముదము రెండు చెంచాలు. కారము తక్కువ తినువారు ధనియాలు పెంచుకొనవచ్చును. మెంతులు మాత్రము పెంచరాదు, చేదగును.

మిరపకాయలను వేయించనక్కఱలేదు. రెండు దినములు గట్టి ఎండలో పట్టా మీద పోసి, చేతితో నలిపిన చిటుకుమని విఱుగునట్లు ఎండనిండు. నేల మీద పోయరాదు. తేమ నిలిచిన కాయలో బూజు పట్టి, దానినుండి అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును. అది కాలేయమునకు హానికరము, వంట వేడికి నశింపదు. కాయను విప్పి చూడగా లోపల నల్లగానో, బూడిదవన్నెగానో ఉన్నచో దానిని పారవేయవలెను గాని, రెండు కాయలే కదా యని కలుపరాదు. మా అనుభవమున గృహిణులు ఈ ఏరుటలో మగవారికంటె ఖచ్చితముగా ఉందురు.

మూకుటిలో సన్నని సెగపై ధనియాలను, జీలకర్రను, మెంతులను వేర్వేరుగా వేయించవలెను. మూడును కలిపి వేయించినచో ధనియాలు దోరకు రాకముందే జీలకర్ర మాడును. మెంతులు ఎఱ్ఱబడగానే దింపుడు, నల్లబడినచో దంచిన కారమంతయు చేదుకొట్టును. కరివేపాకును మూకుడు వేడికే ఒకసారి తిప్పిన చాలును. అన్నియు పూర్తిగా చల్లారిన తరువాత రోటిలో మొదట మిరపకాయలు, ఉప్పు, ఆపై వేయించిన దినుసులు, పసుపు వేసి దంచి జల్లించుడు. వెల్లుల్లిని కడపట వేసి నాలుగు పోట్లు వేయవలెను. తుదిని ఆముదమును అరచేతులతో రాచి కలిపినచో పొడి ఎగురదు, రంగు నిలుచును. రోకలి దంపు వేడెక్కదు గనుక సువాసన నిలుచును. మరలో ఆడించువారు వెల్లుల్లి కలుపక పొడిగా ఆడించి, వెల్లుల్లిని ఇంట నూరి కలుపుకొనుట మంచిది. వెల్లుల్లి తేమ కలది, దానిని చేర్చిన కారమును రెండు మాసములకు మించి నిలువయుంచరాదు. ఎక్కువ కాలము కావలసినవారు వెల్లుల్లి లేక నిలువచేసి, వారమునకు తగినంత కలుపుకొందురు గాక.

అంగడి పసుపు కొనక తప్పనివారికి ఒక పరీక్ష. గాజుగ్లాసెడు నీటిలో చెంచాడు పొడిని చల్లి కదపక వదలుడు. స్వచ్ఛమైన పొడి మెల్లగా అడుగునకు దిగి నీరు లేతపచ్చగా నుండును. చల్లిన వెంటనే నీరు గాఢముగా పచ్చబడినచో రంగు కలిసినదని అనుమానించవలెను. సున్నము తగిలి ఎఱ్ఱబడుటను మనవారు స్వచ్ఛతకు గుర్తుగా తలతురు. పసుపు కొంత ఉన్నను అట్లు ఎఱ్ఱబడును గనుక ఇది కల్తీ లేదనుటకు సాక్ష్యము కాదు. ఇంటి పరీక్షలు సీసమును నిశ్చయముగా తేల్చలేవు. అనుమానమున్నచో మచ్చును ప్రయోగశాలకే పంపవలెను.

సంఘములున్న గ్రామములలో సభ్యులు కలిసి, కోత పనులు ముగిసిన పిమ్మట ఒక దినము నిర్ణయించి, మరను కడిగించి ఎండనిచ్చి, ఆ దినము మన పసుపు, కారములను మాత్రమే ఆడించుకొనవచ్చును. మొదట పసుపు, తరువాత ధనియాలు, చివర మిరప వరుస పాటించినచో ఒకదాని ఘాటు ఇంకొకదానికి అంటదు. ఇంటికి తెచ్చిన పొడిని చల్లారనిచ్చి, తడిలేని జాడీలో అదిమి, మూతకు గుడ్డ కట్టి, పొయ్యికి దూరముగా చీకటి మూలన ఉంచుడు. జాడీ మీద దంచిన మాసము వ్రాసియుంచిన, పాతది ముందు వాడుకొనవచ్చును. తీయునప్పుడు తడి చెంచా ముంచరాదు.