కాయకము – కవనము

కూటికొక పని, కోరికకొక పని గలవారు లోకమున ననేకులు. పగలెల్ల కచేరిలో పద్దులు వ్రాసిన గుమాస్తా రాత్రివేళ నాటకము వ్రాసికొనును. మగ్గము దిగిన నేతగాడు తత్త్వములు కట్టును. ఇంటిపని ముగించిన గృహిణి వీణ నెత్తుకొనును. ఇట్టివారిని వేధించు చింత యొక్కటే: ఈ పొట్టకూటి పని లేకున్నచో తమ కల యేనాడో ఫలించి యుండునుగదా యని. ఏండ్లు గడచిన కొలది ఆ చింత వృత్తియందు విసుగుగాను, విద్యయందు అపనమ్మకముగాను మారి రెంటిని చెరచును. 12వ శతాబ్దమున కల్యాణ నగరమున వెలసిన శివశరణుల జీవితములలో ఈ చింతకు మందు కలదు.

కాయకమనగా నేమి?

కాయమనగా దేహము. దేహమును శ్రమపెట్టి, సత్యశుద్ధముగా చేయు వృత్తియే కాయకము. దాని ఫలమున తనకు వలసినంత తాను గ్రహించి, మిగిలినది దాసోహమునకు వినియోగించుట శరణధర్మము. ఏ వృత్తియు నీచము కాదు; ఏ వృత్తియు శివునకు దూరము కాదు. ఈ ధర్మమును బోధించిన బసవేశ్వరుడు తాను స్వయముగా బిజ్జలుని కొలువున భండారియై యుండెను. రాజ్యపు లెక్కలు చూచిన యా పురుషుడే వచనములను పలికెను. కొలువు ముగిసిన పిదప కవి యగుదునని ఆయన వేచియుండలేదు.

వచనకారుల వృత్తులు

ఆయన చుట్టును చేరినవారును అట్టివారే. అంబిగర చౌడయ్య పడవ నడపెను. మడివాళ మాచయ్య బట్టలుతికెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. మేదర కేతయ్య బుట్టలల్లెను. మోళిగె మారయ్య కట్టెల మోపులమ్మెను. వీరి పేర్లకు ముందున్నవి వృత్తినామములు. లోకము చిన్నచూపు చూచిన వృత్తిని వీరు పేరులోనే ధరించిరి. వచనము చివర ఇష్టదైవము పేరు ముద్రగా నుంచుట శరణుల సంప్రదాయము కాగా, చౌడయ్య తన వచనములకు అంబిగర చౌడయ్య యను తన పేరునే ముద్రగా నుంచెను. పడవవాడనని చెప్పుకొనుటకు సిగ్గుపడువాడు చేయు పని కాదది.

ఇందు గమనింపదగిన విశేషములు రెండు కలవు. మొదటిది, వృత్తి వారి కవితకు ముడిసరుకైనది. చౌడయ్య వచనములలో ఏరును పడవయు ఉపమానములై వచ్చును. ఏటి పోటును తెడ్డుపట్టిన చేతితో నెరిగినవాని మాటకు గల బలము, ఒడ్డున కూర్చుండి వర్ణించువాని మాటకు రాదు. రెండవది, వారి రచనారూపము వారి తీరికకు తగినది. వచనము ఛందోబద్ధము కాదు. కొలది పంక్తులలో ముగియును. పని చేయుచు మనస్సులో త్రిప్పుకొనుటకు, పని ముగిసినంతనే పలుకుటకు అనువైనది. రోజునకు అరగంట మాత్రమే తీరిక గలవాడు మహాకావ్యమునకు కూర్చుండి, అది సాగలేదని దుఃఖించుటకంటె, ఆ అరగంటలో ముగియు చిన్న రచనను చేపట్టుట మేలు.

లక్కమ్మ చూపిన కొలత

ఆయ్దక్కి మారయ్య కాయకము నేల రాలిన బియ్యపు గింజలను ఏరుట. ఒకనాడతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము ఇంటికి తెచ్చెను. భార్య లక్కమ్మ సంతసింపలేదు. ఇది కాయకము కాదు, ఆశ యని చెప్పి, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే వేసి రమ్మని పంపెను. లక్కమ్మయు వచనకర్త్రియే.

ఈ కథ సాధకునకు రెండు విధముల ఉపకరించును. అవసరమునకు మించిన ధనమునకై గడియలన్నియు అమ్ముకొనువానికి విద్యాసాధనకు గడియ మిగులదు. అట్లే, పది దినముల ఫలమును ఒక్కదినముననే ఆశించువానికి నిరాశ తప్పదు. అలసిన రాత్రి ఒక్క పంక్తియు రాకపోవచ్చును. అది ఓటమి కాదు. ఆనాటి గింజలు అంతే. మరునాడు మరల ఏరవలెను.

ఫలము మాటేమి?

ఇంత చేసినను పేరు రాకున్న నేమి ప్రయోజనమని కొందరడుగుదురు. ఈ సంశయము నిజమైనదే. దీనిని దాటుటయే కష్టము. చౌడయ్య మాటలు ఆనాడు అచ్చుకాలేదు. విన్నవారి నోటను, తాటాకులమీదను నిలిచినవి. ఏడు శతాబ్దముల తరువాత వచనములను వెదకి లోకమునకందించినవారిలో అగ్రగణ్యుడు ఫ. గు. హళకట్టి. 1880లో ధారవాడలో జన్మించిన ఆయన బిజాపురమున, అనగా నేటి విజయపురమున, న్యాయవాది. ఆ వృత్తిలో నుండియే తాళపత్రములను సేకరించి, ప్రతులు వ్రాసికొని, పాఠములను సరిచూచెను. వచనశాస్త్రసారము మొదటి భాగము 1923లో వెలువడునాటికి ఆయనకు నలుబదిమూడేండ్లు. పిదప ముద్రణకై స్వగృహమునే అమ్మి, 1925లో హితచింతక ముద్రణాలయమును నెలకొల్పెను. 1926లో శివానుభవ పత్రికను ఆరంభించెను. 1964లో లింగైక్యము చెందువరకు వచనసాహిత్యమే ఆయన వ్రతము.

ఇల్లమ్ముట అందరికిని విధి కాదు. వకాలతు కాగితములు చూచిన కన్నులతోనే తాటాకులు చదివిన ఆ నిత్యసాధనయే అందరికిని ఆదర్శము. చౌడయ్యకు హళకట్టి వచ్చునని తెలియదు. తెలియకయే తన వంతు పలికెను. ఫలమెప్పుడు, ఎవరిచేత వచ్చునో ఎరుగకయే నేటి పని నేడు చేయుట కాయకమునకును కవనమునకును ఒక్కటే ధర్మము.

గ్రహింపవలసినవి

1. వృత్తిని కలకు శత్రువుగా తలపరాదు. కలకు కావలసిన అనుభవము, అన్నము రెండును వృత్తియే ఇచ్చును.

2. దినమున ఒక నియతకాలమును, అది కొలదియైనను, సాధనకు కేటాయింపవలెను.

3. తీరికకు తగిన రూపమును ఎన్నుకొనవలెను.

4. నేటి పనిని నేటి కొలతతోనే తూచవలెను. ఇతరుల కీర్తితో తూచరాదు.

మననమునకు ప్రశ్నలు

లక్కమ్మ బియ్యమును తిరిగి పంపుటలోని అంతరార్థమేమి? చౌడయ్య తన వృత్తినామమును ముద్రగా నుంచుటవలన తెలియునదేమి? పాఠకుడు తన వృత్తిలో నిత్యము చూచు ఏ వస్తువు ఒక చిన్న రచనకు ఉపమానము కాగలదు? ఈ కడపటి ప్రశ్నకు సమాధానమును నేటి రాత్రియే నాలుగు పంక్తులలో వ్రాయుట ఉత్తమము.