నల్లమలలో వేసవి మంటలు

ప్రశ్న: వేసవిలో నల్లమల అడవి ఎండ వేడికే అంటుకుంటుందా?

జవాబు: ఎండ అడవిని మంటకు సిద్ధం చేస్తుందే తప్ప, సాధారణంగా తానే అంటించదు. నల్లమలలో అధిక భాగం శుష్క ఆకురాల్చు అడవి, అంటే నీటి ఎద్దడిని తట్టుకోవడానికి చెట్లు ఆకులు రాల్చుకునే అడవి, కావడంతో ఫిబ్రవరి నుంచి మే వరకు ఎండుటాకులు, గడ్డి నేలంతా పరుచుకొని ఉంటాయి. నిప్పు మాత్రం చాలావరకు మనుషుల నుంచే వస్తుంది. రాత్రి రాలిన ఇప్పపూలు తెల్లవారాక ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింది ఆకులను ముందే కాల్చినప్పుడు, ఆ మంటను పూర్తిగా ఆర్పకపోతే అది గాలికి పక్క గడ్డిని అందుకుంటుంది. తునికి చిగుళ్ల కోసం పొదలు కాల్చడం, దారిన పోయేవారు పారేసే బీడీ ముక్కలు కూడా కారణాలే. వెదుళ్ల రాపిడితో నిప్పు పుడుతుందన్న వాదన ప్రచారంలో ఉన్నంతగా రుజువులో లేదు. అంటుకున్న మంట వాలు ఎక్కేటప్పుడు దాని వేడి పైనున్న గడ్డిని ముందే ఆరబెట్టడం వల్ల వేగం పుంజుకుంటుంది.