కంప్యూటరున వర్ణసంకేతము – ఴకార విచారము

వర్ణము వేఱు, లిపి వేఱు. చెవికి గోచరించునది వర్ణము; కంటికి గోచరించునది లిపి. శిక్షాశాస్త్రము నెఱిగినవారికి ఈ భేదము క్రొత్త కాదు. కంప్యూటరున తెలుగును నిలుపు విధానమునకును ఇదియే మూలము.

కంప్యూటరు అక్షరరూపమును దాచదు. దానికి నియమించిన సంఖ్యను బైటులుగా దాచును. ఒక బైటు 256 విలువలలో ఒకదానిని మాత్రమే వహించును. భారతీయ లిపుల సమానవర్ణములకు ఒకే సంఖ్య నిచ్చినది 'ఇస్కీ' పద్ధతి. 1988 నాటి ఆ వర్ణక్రమము ననుసరించి యూనికోడ్ ఒక్కొక్క లిపికి 128 స్థానముల నొసగెను.

తెలుగు కకారము సంఖ్య 3093. యూటీఎఫ్-8 పద్ధతిలో అది 224, 176, 149 అను మూడు బైటులగును. క్షకారము చూపునకు ఒకటియే. నిల్వలో కకారము, పొల్లు, షకారము అను మూడు సంఖ్యలు, తొమ్మిది బైటులు. 'ధర్మము'న వలపలగిలక వ్రాసినను, రేఫక్రింద మవత్తు వ్రాసినను, నిల్వలో రేఫయే ముందు. ఉచ్చారణక్రమమే ప్రమాణము.

కన్నడ కకారము 3221. అనగా తెలుగు సంఖ్యకు 128 చేర్చిన చాలును. ఇట్లు లిప్యంతరీకరణము సులభమని తోచును. కాని ఴకారమున ఈ నియమము భగ్నమగును. తెలుగు ఴకారము 3124. కన్నడమున 3252 శూన్యస్థానము, ఴకారము 3294లో నున్నది. పైగా అచ్చట దానికి 'ఫ' అను పొరపాటు నామము పడెను; ఒకసారి పెట్టిన పేరు మార్పరాదను నియమముచే అదియే నిలిచినది. కన్నడమున మొదటినుండి యున్న యీ వర్ణము తెలుగు భాగమున 2014లోగాని చేరలేదు.

ఇది మన ప్రాంతమునకు చిన్న విషయము కాదు. అనంతపురసీమ తెలుగు కన్నడముల సంగమస్థానము. 2022 నుండి శ్రీసత్యసాయి జిల్లాలో నున్న హేమావతి నొళంబుల రాజధాని. వారి శాసనములు కన్నడమున నున్నవి. పొరుగున కడపసీమలోని రేనాటి చోళుల తెలుగు శాసనములందును ఴకారము కలదు. ఈ ధ్వని తరువాత కన్నడమున ళకారముగను, తెలుగున పెక్కుచోట్ల డకారముగను పరిణమించెను. 'ఏళు', 'ఏడు' ఇందుకు నిదర్శనములు. కావున శాసనమున ఴకారముండుట కాలనిర్ణయమునకు ఒక ఆధారము. దానికి మాఱుగ ళకారమును టైపు చేసినచో ఆ ఆధారమే నశించును. మూలశిల చూడని పరిశోధకుడు దానిని తిరిగి గుర్తింపలేడు.

కావున పాఠమును ఎక్కించువారు 3124 సంఖ్యనే వాడవలెను. తెరపై అక్షరమునకు బదులు గడి కనబడినచో అది ఫాంటు లోపము. బైటులందు వర్ణము భద్రముగనే యున్నది. లిపి లోపించెనని వర్ణమును మార్పరాదు. యంత్రము చేసిన లిప్యంతరీకరణమున ప్రతి ఴకారమును మూలముతో సరిచూడవలెను.