ముక్కకు దారి చూశాకే సమ్మెట

చి॥ సరితకు,

పెరట్లో నూతి చప్టా తీయించి మట్టి నేల చేద్దామనుకుంటున్నారట. వాన నీళ్లు దాని మీద నిలిచి నాచు పడుతోందనీ, ఆ పని దగ్గరుండి నువ్వే చేయిస్తానన్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషం. పాలిటెక్నిక్‌లో కాంక్రీటు పోయడం గురించి చాలా చెబుతారు, తీయడం గురించి అంతగా చెప్పరు. అందుకే ఈ ఉత్తరం.

నేను చెప్పదలచినదంతా ఒక్క మాటలో ఉంది: ప్రతి ముక్కకీ పోయే దారి ముందే చూసుకో. పగిలే ముక్క జరగడానికి చోటుంటేనే కాంక్రీటు పగులుతుంది. చోటు లేనప్పుడు ఎంత మోదినా పైన పొడి రాలుతుంది, చేతులు బొబ్బలెక్కుతాయి, అంతే.

పని మొదలెట్టే ముందు ఆ కాంక్రీటు ఏం మోస్తోందో చూడు. నేల మీద పడుకుని ఉన్నది వేరు, ఇంటిని మోస్తున్నది వేరు. చప్టా, బట్టలుతికే గట్టు, పాత తొట్టి, ఇవన్నీ మొదటి రకం. వీటిని మనం తీసుకోవచ్చు. స్తంభం, దూలం, శ్లాబు, లింటల్, సన్‌షేడ్ రెండో రకం. ఇంజనీరు వచ్చి చూసి చెప్పందే వాటి జోలికి పోకూడదు. సన్‌షేడ్‌నే చూడు. చూరు కింద చిన్న పలకలా కనబడుతుంది కానీ దాన్ని పడిపోకుండా పట్టి ఉంచేది లోపలి చువ్వలూ, దాని మీద కట్టిన గోడ బరువూ. ఆ గోడ విప్పితే సన్‌షేడ్ తిరగబడి కింద ఉన్నవాళ్ల మీద పడుతుంది. మీ చప్టా ఒక పక్క ప్రహరీకి ఆనుకుని ఉంది కదా. పాత ప్రహరీలకు పునాది లోతు తక్కువ. గోడ పొడవునా ఒకేసారి తవ్వొద్దు. మూడు నాలుగు అడుగులు తీసి, మట్టి పూడ్చి, ఆ తర్వాత ముందుకు పోవాలి.

రెండోది, చప్టా కింద ఏముందో కనుక్కో. మోటారు నుంచి ట్యాంకుకి పోయే పైపు, స్నానాల గది నీళ్ల గొట్టం, మోటారు వైరు, ఎర్తింగ్ గుంట, ఇవన్నీ పెరట్లోనే ఉంటాయి. మీటరు దగ్గర కరెంటు తీసేయించి, గొట్టాలు పోయే వరస సుద్దతో గీయించు. సెప్టిక్ ట్యాంకు మూత ఆ చప్టాలో కలిసిపోయి ఉంటే ఆ చుట్టూ ఎవరినీ నిలబడనివ్వకు. లోపలి వాయువులు పాత మూత బిళ్లను అడుగు నుంచి తినేసి ఉంటాయి, పైకి బాగానే కనిపిస్తుంది. ముక్క లోపల పడితే తీయడానికి ఎవరూ దిగకూడదు. ఆ వాయువు పీల్చిన మనిషికి అరవడానికి కూడా వ్యవధి ఉండదు. నూతి నోటికి గట్టి పలకలు వేసి కప్పించు. వరల పక్కన మూడడుగుల మేర బ్రేకర్ మెషిన్ పెట్టనివ్వొద్దు, ఉలితోనే తీయించు.

ఇక కొట్టడం. కాంక్రీటుకు నొక్కుడును ఓర్చుకునే బలం ఎక్కువ. లాగుడును ఓర్చుకునే బలం అందులో సుమారు పదో వంతే. చువ్వలు వేసేది అందుకేనని మీకు చెప్పే ఉంటారు. తీసేటప్పుడు ఆ బలహీనతే మనకు పట్టు. గట్టిపడిన మట్టి మీద ఉన్న చప్టాను నడిమధ్యన కొడితే అది నొక్కుడే అవుతుంది, కాంక్రీటుకు అలవాటైన పని. అలా కాకుండా ఒక అంచు పట్టుకో. ఆ అంచు కింద మట్టి జానెడు లోపలికి తవ్వించు. గునపం దూర్చి, వెనకాల ఇటుకముక్క ఆనించి, గునపం తోక మీద ఒకరు బరువు వెయ్యాలి. అంచు అంగుళం లేచినా చాలు, కింద ఒక రాయి తోసెయ్యి. ఇప్పుడు ఆ రాయికీ, లోపల ఇంకా నేల మీద ఉన్న భాగానికీ మధ్య చప్టా అంతరాన నిలబడి ఉంటుంది. ఆ ఖాళీ మీద సమ్మెట దెబ్బ వెయ్యి. పైన కొట్టినా చీలిక అడుగున పుడుతుంది, ఎందుకంటే వంగినప్పుడు లాగుడు పడేది అడుగు మీదే. రెండో దెబ్బకో మూడో దెబ్బకో చప్పుడు మారుతుంది. అప్పటిదాకా ఖంగుమన్నది డబ్బుమంటుంది. అలా మారాక మళ్లీ కొట్టడం దండగ. గునపం వేసి ముక్కను విడదీసి, లాగి పక్కన పెట్టించు. ఆ ముక్క ఖాళీ చేసిన చోటే తర్వాతి ముక్కకు దారి. ముక్కలు తీయకుండా కొట్టుకుంటూ పోతే అవి ఒకదాన్నొకటి బిగించుకుని మొండికేస్తాయి.

మీది కాకినాడ, సముద్రపు ఊరు. చప్టాలో చువ్వలుంటే ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉండొచ్చు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలే పొరగా లేస్తుంది. సుత్తితో మెల్లగా తడుతూ నడిచి చూడు, డొల్ల చప్పుడొచ్చిన చోట పని సులువు, అక్కడి నుంచి మొదలెట్టించు. చువ్వలు బయటపడ్డాక వాటిని వంచి తెంపాలని చూడొద్దు. వంగిన చువ్వ విదిలించుకుంటే మొహానికి తగులుతుంది. కోసి తీసి, పాత ఇనుము కొనేవాడికి వేసెయ్యండి.

చప్టా మొత్తం తీయొద్దు. ఇంటి గోడ వారన రెండడుగుల గచ్చు అలాగే ఉంచు. వాన నీళ్లు పునాదిలోకి దిగకుండా కాపాడేది అదే. కొట్టే ముందు ఆ గీత వెంబడి కటింగ్ మెషిన్‌తో అంగుళమున్నర లోతు గాటు పెట్టిస్తే పగులు అక్కడితో ఆగుతుంది, ఉంచిన గచ్చు అంచు తిన్నగా ఉంటుంది.

నాలుగంగుళాలు దాటి మందం ఉంటే, లేదా కంకర గట్టిగా పట్టేసి ఉంటే, బ్రేకర్ మెషిన్ అద్దెకు తెచ్చుకోవడం మంచిది. దానికీ సూత్రం ఇదే. అంచుకు మూడు నాలుగు అంగుళాల లోపల మొన పెట్టి, ఖాళీ వైపుకి కొంచెం వాల్చాలి. మెషిన్ బరువే సరిపోతుంది, పైన పడి నొక్కక్కర్లేదు. పగలకపోతే అదే చోట దిగేస్తూ పోకూడదు, మొన ఇరుక్కుపోతుంది. రెండంగుళాలు జరిపి మళ్లీ మొదలెట్టాలి. కరెంటు బ్రేకర్ అయితే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైను మీదే పెట్టించు, తడి నేల మీద వైరు పడనివ్వకు. మెషిన్ ఒకరి చేతిలోనే గంటలు గంటలు ఉండకూడదు, ఆ అదురుకు వేళ్ల నరాలు దెబ్బతింటాయి. ఇద్దరు మార్చుకుంటూ చెయ్యాలి.

పాత మోటారు దిమ్మ ఉందన్నావు. అది దళసరి. రాళ్లు పగలగొట్టేవాళ్లు వాడే పగుళ్ల పౌడరు అలాంటివాటికి పనికొస్తుంది. అందులో ఎక్కువ భాగం పొడిసున్నమే. కన్నాలు వేసి, నీళ్లలో కలిపి పోస్తే అది ఉబ్బుతూ దిమ్మను చప్పుడు లేకుండా చీలుస్తుంది. ఒక రోజు దాకా పట్టవచ్చు. ఎండ ఎక్కువగా ఉంటే పౌడరు త్వరగా వేడెక్కి కన్నంలోంచి ఎగజిమ్మే ప్రమాదం ఉంది. పోశాక ఎవరూ కన్నంలోకి తొంగిచూడకూడదు. కంటిలో పడితే చూపే పోవచ్చు. ఆ పని తెలిసినవాళ్ల చేతే చేయించు, నువ్వు దూరం నుంచి నేర్చుకో.

దుమ్ము గురించి కొంచెం గట్టిగా చెబుతాను. ఇసుకలోనూ మన నల్లకంకరలోనూ సిలికా ఉంటుంది. కోసినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే సన్నని ధూళి కంటికి కనబడదు, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది, అక్కడి నుంచి తిరిగి రాదు. దీన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. సిలికోసిస్ వచ్చిందంటే నయం చేసే మందు లేదు. అందుకని కోసేటప్పుడు గాటు మీద నీళ్లు పడుతూనే ఉండాలి, కొట్టే ముందూ కొడుతున్నప్పుడూ తడుపుతూ ఉండాలి. మెషిన్ పక్కన నీళ్ల పని కనుక వైరు సంగతి మరువకు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే ఆ ధూళి ఆగదు, ఎన్95 మాస్కు కావాలి, అదీ బుగ్గలకు అంటుకుని ఉండాలి. కళ్లద్దాలు, గట్టి బూట్లు, తోలు గ్లౌజులు నీకే కాదు, కూలీలకూ కొనిపించు. వాళ్లు వద్దంటారు, అయినా పని ఇచ్చినవాళ్లం మనమే కనుక పట్టుబట్టడం మన బాధ్యత. పని అయ్యాక పొడి చీపురుతో ఊడవనివ్వకు, తడిపి ఎత్తించు.

ఇప్పుడు లెక్క. పదడుగులకు పదడుగులు, నాలుగంగుళాల మందం చప్టా అంటే 33 ఘనపుటడుగులు. బరువు సుమారు రెండుంపావు టన్నులు. పగలగొట్టాక ముక్కల మధ్య సందులు చేరి అది దాదాపు 50 ఘనపుటడుగుల కుప్పవుతుంది. గమేళాకి 15 కిలోలు ఎత్తినా నూటయాభై గమేళాలు. మీ సందులోంచి వీధిలోకి అన్నిసార్లు మనుషులు నడవాలి. ఆ దారిలో సైకిలూ పూలకుండీలూ ఉండకూడదు, పలకలు పరచి ఉండాలి. సిమెంటు సంచుల్లో ఎత్తితే సగానికే నింపించు. నిండు సంచి 50 కిలోలు దాటుతుంది, నడుము పట్టేస్తుంది.

వీధిలోకి వెళ్లిన ముక్క ఎక్కడికి పోవాలి? కాలవ గట్టుకి మాత్రం కాదు. రోడ్డుకీ మురుగు కాలవకీ అడ్డం పడేలా కట్టడాల శిథిలాలు వేయకూడదని 2016 నాటి కేంద్ర నిబంధనలే చెప్పాయి. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో వీటిని పొడిచేసి మళ్లీ కంకరగా, ఇసుకగా మార్చే ప్లాంట్లు ఉన్నాయి. అలా తయారైన కంకరను ఎంతవరకు వాడొచ్చో 2016లో సవరించిన భారత ప్రమాణం ఐఎస్ 383లో ఉంది: చువ్వల్లేని కాంక్రీటులో 25 శాతం, ఎం25 వరకు ఆర్‌సీసీలో 20 శాతం, ఎం15 కన్నా తక్కువ రకానికి మొత్తం అదే. మీ ఊళ్లో కార్పొరేషన్ వాళ్లు ఎక్కడ వేయమంటారో అడుగు. ఈలోగా ఎవరైనా ఇల్లు కడుతుంటే అరుగు నింపడానికి ఈ ముక్కలు సంతోషంగా తీసుకుంటారు. అయితే మట్టీ, ప్లాస్టిక్కూ, కర్రా కలవకుండా విడిగా ఉంచితేనే.

చప్టా పోయాక ఆ నేలలో వెంటనే మొక్క పెట్టకు. సున్నపు పొడి, చిన్న ముక్కలు ఏరించి, ఏళ్ల తరబడి బిగిసిపోయిన మట్టిని జానెడున్నర లోతు గుల్ల చేయించి, పెంట వేసి కలిపించు. నేల వాలు ఇంటి వైపు కాకుండా ప్రహరీ వైపుకి ఉండేలా చూసుకో.

కాబట్టి పనులు చివరి నుంచి మొదటికి పెట్టుకో. ముక్కలు ఎవరు తీసుకుంటారో మాట్లాడు. ట్రాక్టరు రోజు ఖాయం చెయ్యి. సందు ఖాళీ చేయించు. నీళ్ల గొట్టం, మాస్కులు, గ్లౌజులు సిద్ధం చెయ్యి. అంచు కింద మట్టి తవ్వించు. ఇవన్నీ అయ్యాకే సమ్మెట ఎత్తనివ్వు. కూలీలను ముందు పిలిచి తర్వాత ట్రాక్టరు వెతుకుదామని మీ నాన్న అంటాడు. వినకు, నా పేరు చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న