ఉద్యోగ దరఖాస్తులో ఏ కాగితం ఎప్పుడు ఇవ్వాలి?



మన ట్రస్టు ఉపకార వేతనాల దరఖాస్తులు పరిశీలించే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను. హోసూరు, కృష్ణగిరి వైపు పిల్లలు చక్కగా ఒక ‘సెట్టు’ తయారుచేసుకొని వస్తారు. ఆధార్ నకలు, రేషన్ కార్డు, కమ్యూనిటీ సర్టిఫికెట్, తండ్రిగారి ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, మార్కుల జాబితాలు అన్నీ అందులో ఉంటాయి. కుటుంబ ఆదాయం చూడాలి, డబ్బు ఖాతాలో వేయాలి కనుక మాకు ఇవి కావలసినవే. అయితే చదువు ముగిశాక ఇదే సెట్టును ఉద్యోగం కోసం కనబడిన ప్రతి ఈ-మెయిల్‌కూ, వాట్సాప్ నంబరుకూ పంపిస్తున్నారు. ఈ నాలుగు మాటలు అందుకే రాస్తున్నాను.

ఉద్యోగం ఇచ్చేవారికి మొదట తెలియవలసింది మీరేం చదివారు, ఏం పని చేయగలరు అన్నదే. బయోడేటాలో పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఈ-మెయిల్, చదువు, అనుభవం చాలు. తండ్రిగారి పేరు, పుట్టిన తేదీ, కులం, ఇంటి నంబరుతో సహా చిరునామా రాయడం మనవాళ్లకు పాత అలవాటు. ప్రైవేటు ఉద్యోగానికి దరఖాస్తు దశలో అవి అక్కరలేదు. రేషన్ కార్డు అసలే వద్దు, అందులో ఇంటిల్లిపాది వివరాలూ ఉంటాయి. ప్రభుత్వోద్యోగాల సంగతి వేరు. వయోపరిమితి, రిజర్వేషన్ ఉంటాయి కనుక అక్కడ అడుగుతారు; ఆ సంస్థ సొంత వెబ్‌సైటులోనే నింపండి.

పుట్టిన తేదీ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. ఇంటర్నెట్ నుంచి దించుకునే ఈ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటుంది. మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం, అంతే. ఆ ఫైలునూ, పుట్టిన తేదీ ఉన్న బయోడేటానూ కలిపి పంపితే తాళంకప్పకు తాళంచెవి కట్టి ఇచ్చినట్టే.

మరి ఎప్పుడు ఇవ్వాలి? నియామక పత్రం చేతికి వచ్చి, ఆ కంపెనీ నిజంగా ఉందని మీరు చూసుకున్న తరువాత. ప్రావిడెంట్ ఫండ్‌కు ఆధార్, ఆదాయపు పన్నుకు పాన్, జీతానికి ఖాతా నంబరు అడగడం అప్పుడు న్యాయమే. ఇంటర్వ్యూ రోజున గుర్తింపు కోసం అడిగితే అసలు కార్డు చూపించి తెచ్చుకోండి. నకలు కావాలంటే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. యు.ఐ.డి.ఎ.ఐ. వెబ్‌సైటులోనే దొరుకుతుంది, 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనబడతాయి.

ఏటీఎం కార్డు, ఖాతాకు జోడించిన సిమ్ అడిగేవాడు మాత్రం ఉద్యోగం ఇచ్చేవాడు కాదు. మన ఉపకార వేతనం అందుకుంటున్న ఒక బి.కాం. విద్యార్థి, ఇంట్లో కూర్చుని చేసే డేటా ఎంట్రీ పని అని నమ్మి ఆ రెండూ ఇచ్చాడు. ఎవరెవరినో మోసం చేసిన డబ్బు ఆ ఖాతా గుండా పోయింది. బ్యాంకు ఖాతాను స్తంభింపజేసింది. మేము పంపిన రెండో వాయిదా అందులో పడింది గాని తీయడానికి వీల్లేదు. పరీక్ష ఫీజు మేనమామ కట్టాడు. ఆ అబ్బాయి ఒక్క రూపాయి కూడా తినలేదు, అయినా పొరుగు రాష్ట్రపు పోలీసులకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

ఇప్పటికే కాగితాలు పంపేసినవారు దాచుకోకండి, ఇంట్లో చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైతే ఆ డబ్బు చేతులు మారిపోతుంది. యు.ఐ.డి.ఎ.ఐ. వెబ్‌సైటులో వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు. మీ పేరుతో ఎన్ని సిమ్ కార్డులున్నాయో ‘సంచార్ సాథీ’లో చూడవచ్చు. మీ పేరున ఎవరైనా అప్పు తీసుకున్నారేమో తెలుసుకోవడానికి సిబిల్ నివేదిక ఏడాదికి ఒకసారి ఉచితం.

ఇంకొకటి. జెరాక్స్ అంగడిలో ప్రింటు తీయించాక మీ ఫైలు అక్కడి కంప్యూటరులో మిగలకుండా దగ్గరుండి తీసివేయించండి. నకలు మీద అడ్డంగా ఎవరికి, దేనికి, ఏ తేదీన ఇస్తున్నారో రాసి సంతకం పెట్టండి. మన ట్రస్టుకు ఇచ్చే నకళ్ల మీద కూడా ‘ఉపకార వేతనం కొరకు మాత్రమే’ అని రాయవచ్చు. అలా రాసిన దరఖాస్తును కమిటీ తిప్పి పంపదు.